వీరగాథలలో హాస్యమునకు గల చోటు

ఈ సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునకై తొమ్మిదవ, పదవ తరగతుల బాలురు తామే యొక నాటకమును వ్రాసి తెచ్చిరి. అందలి నాయకుడు ఆకాశమున నెగురువాడు. వాని భుజములనుండి నీలివస్త్రము వ్రేలాడుచుండును. 2024వ సంవత్సరము సెప్టెంబరు నెలలో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు మేడలపై చిక్కుకొనిన జనులను వాడు చంకకెత్తికొని గట్టునకు చేర్చుచుండును. ఇట్టివానిని మన బాలురు సూపర్ హీరో యని పిలుతురు. మే మీ వ్యాసమున నతనిని అతిమానుషవీరుడని పిలుతుము.

నాటకమును చదివి చూచినప్పుడు ఉపాధ్యాయులలో రెండు పక్షము లేర్పడెను. ‘వరదలో మునిగినవారి కథలో నిన్ని పరిహాసములేల? తీసివేయుడు’ అని కొందరు. ‘బాలు రాడు నాటకమున నవ్వు లేనిచో తల్లిదండ్రులు నడుమనే లేచిపోవుదురు, ఉంచుడు’ అని మరికొందరు. తెలుగు బోధించువార మగుటచే తీర్పు చెప్పు భారము మాపై పడినది. కూరలో ఉప్పెంతయో చెప్పినట్లు, పది మాటలకొక నవ్వనియో ఇరువదింటికొకటనియో చెప్పి తప్పించుకొనవచ్చునని మొదట తలచితిమి. కాని విచారించినకొలది ఆ కొలత పనికిరాదని తెలిసినది. మాకు తోచిన సంగతులను విద్యార్థులకు ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

అతిమానుషవీరుడు అమెరికానుండి దిగుమతి యైన సరకని మన బాలుర నమ్మకము. పేరు మట్టుకు నిజమే. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిద్దరు యువకులు కల్పించిన సూపర్‌మేన్ బొమ్మల కథ తోడనే ఈ జాతి వీరులు లోకమునకు తెలిసిరి. ఆతడు లోకము దృష్టిలో కంటద్దములు పెట్టుకొని తడబడు పత్రికావిలేఖరి. ఆపద వచ్చినప్పుడు ఆ వేషము విడిచి మహాబలుడగును. బాలురారా, ఈ యేర్పాటు మీకు క్రొత్తగా తోచుచున్నదా? విరాటపర్వము తెరచి చూడుడు. గాండీవమును జమ్మిచెట్టుపై దాచి, జడవేసికొని, రాచకన్నెలకు ఆటపాటలు నేర్పుచు సంవత్సరము గడపిన బృహన్నల యెవరు? మహాబలుడు గుప్తవేషమున నుండుట, లోకు లతనిని చులకనగా చూచుట, చూచు మనకు మాత్రము రహస్యము తెలిసియుండుట, ఈ మూడును అచ్చట నున్నవి. వీరగాథలో హాస్యము పుట్టు ముఖ్యస్థానము కూడ నిదియే. కావున ఆ ఘట్టమును కొంచెము నిదానముగా పరిశీలింతము.

కౌరవులు ఉత్తరదిక్కున గోవులను పట్టిరి. రాజు సేనతో దక్షిణమునకు పోయియున్నాడు. నగరమున మిగిలిన ఉత్తరకుమారుడు అంతఃపురస్త్రీల నడుమ కూర్చుండి, తగిన సారథి యున్నచో కౌరవుల నందరిని తానొక్కడే గెలిచివచ్చెదనని పలికెను. ఉత్తరకుమార ప్రగల్భములని నేటికిని మన యిండ్లలో వాడుక. బృహన్నలను సారథిగా పిలిచిరి. ఎన్నడు నెరుగనివాని వలె నాతడు కవచమును తారుమారుగా తొడిగికొనగా కన్నెలు నవ్విరి. ఆపై ఆ కన్నెలు, భీష్మద్రోణాదులను గెలిచి వారి చక్కని వస్త్రములను తమ బొమ్మలకు తెచ్చిపెట్టుమని కోరిరి. కురుసేన కనబడగానే రాకుమారునకు కాళ్లు వణకినవి. రథమునుండి దుమికి పరుగెత్తెను. బృహన్నల జడ యూగులాడుచుండగా వెంటబడి పట్టుకొనెను. ఆ వింత చూచి కౌరవసైనికులలో కొందరు నవ్విరి.

ఇంతవరకు నవ్వే నవ్వు. కాని యీ నవ్వులెవరిపై పడుచున్నవో గమనింపుడు. ఒకటి వీరుని మారువేషముపై, రెండవది వీరుడు కానివాని గొప్పలపై. గోవులు పోయిన గొల్లల దుఃఖముపై కవి యొక్క పరిహాసమైన నాడలేదు. కౌరవసేనను తక్కువచేసి చూపలేదు. ఉత్తరుడు చూచినప్పు డది నిజముగానే గుండెలు జారునంత గొప్పసేన. అది గొప్పది కావుననే ఆతని పరుగు నవ్వు పుట్టించును. శత్రువు కూడ నవ్వులపాలైనచో ఆ పరుగున కర్థమే లేదు. పిమ్మట జమ్మిచెట్టు క్రిందికి వచ్చిరి. ఆయుధములు దిగినవి. అర్జునుడు తన పది నామములు చెప్పెను. ఆ చెట్టుక్రింద నవ్వు తానంతట తానే ఆగిపోవును. పారిపోయినవాడే పగ్గములు పట్టి సారథి యగును.

మా విద్యార్థులు సామాన్యముగా మరచిపోవునవి మరి మూడున్నవి. మొదటిది: యుద్ధము ముగిసిన పిమ్మట, మోహనాస్త్రముచే మూర్ఛిల్లిన మహారథుల వస్త్రములను ఉత్తరునిచేత నిజముగా తెప్పించి, బొమ్మల కొరకు కన్నెలాడిన మాటను అర్జునుడు చెల్లించును. రెండవది: నగరమున విరటుడు తన కుమారుడే గెలిచెనని పొంగుచుండగా కంకుడు బృహన్నలను మెచ్చుకొనెను. రాజు కోపించి పాచికతో ముఖముపై కొట్టెను. ధర్మరాజు ముక్కునుండి రక్తము కారెను. నవ్వినంతసేపు పట్టలేదు, నెత్తురు చూచుటకు. మూడవది: ఆ ఉత్తరుడే కురుక్షేత్రమున మొదటిదినమున ఏనుగునెక్కి పోరాడి, శల్యుని చేత హతుడయ్యెను. మనము నవ్వినవాడు వీరుడై మరణించెను. ఈ పర్వమును తెనిగించిన తిక్కన సోమయాజి హాస్యమునకు వెనుదీయలేదు. కాని ఆయన నవ్వించిన పాత్ర ఏదియు నవ్వుతో ముగిసిపోదు.

1963లో వెలువడిన ‘నర్తనశాల’ చిత్రమున రేలంగి వెంకట్రామయ్యగారు ఉత్తరకుమారునిగా నటించిరి. బృహన్నల నందమూరి తారక రామారావుగారు. వారిని గూర్చి మన విజయవాడలో నొక ముచ్చట ప్రసిద్ధము. ఆయన యిచ్చటి కళాశాలలో చదువుచున్న దినములలో, విశ్వనాథ సత్యనారాయణగారి ప్రోద్బలమున, నాటకమున నాగమ్మ పాత్రము ధరింపవలసివచ్చెనట. మీసము తీయుట కొప్పుకొనక మీసముతోనే రంగమెక్కిరట. ‘మీసాల నాగమ్మ’ యను పేరు అప్పుడు వచ్చినది. వీరవనిత వేషమునకు మీసముండుట కోరి తెచ్చిన హాస్యము కాదు, వచ్చిపడిన హాస్యము. ఇరువదియేండ్లు దాటిన పిమ్మట ఆయనయే జడతో, గాజులతో, నడకయే మారిపోయి తెరపై కనబడినప్పుడు ప్రేక్షకులు పాత్రను చూచి చిరునవ్వు నవ్విరి గాని, నటుని చూచి నవ్వలేదు. ఈ రెంటికి గల భేదము నాటకమాడు బాలురందరు తెలిసికొనదగినది. వచ్చిపడిన హాస్యమున కింకొక యుదాహరణము 1980లో ఆయనయే నాయకుడుగా వచ్చిన ‘సూపర్‌మేన్’ అను తెలుగు చిత్రము. అందు గంభీరముగా చూపదలచిన దృశ్యములకే నేటి బాలురు ఎక్కువగా నవ్వుచున్నారు. నవ్వును బొత్తిగా బయటనుంచిన వీరగాథలోనికి అది గోడదూకి వచ్చును.

ఇక ‘మాయాబజార్’ సంగతి. 1957లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి మాటలతో విజయావారు నిర్మించిన యీ చిత్రమును చూడని తెలుగువాడరుదు. శశిరేఖా పరిణయకథ వ్యాసభారతమున లేదు, మనవారి కల్పనము. అందు అతిమానుషవీరుడు ఘటోత్కచుడు. ఆ పాత్రము ధరించిన యస్. వి. రంగారావుగారు మన నూజివీడులో 1918లో జన్మించినవారు. ఎగురగలడు, రూపము మార్చగలడు, నిద్రించుచున్న కన్యను పాన్పుతో గూడ నెత్తికొని పోగలడు. నేటి యే విదేశవీరునకును తీసిపోడు. చిత్రమంతయు నవ్వులే. అయినను ఘటోత్కచుని బల మొక రవంతయు తగ్గినట్లు తోచదు. ఎందువలన?

మాకు తోచిన కారణ మిది. వాని హాస్యము వాని బలమునుండియే పుట్టుచున్నది. పెండ్లివారికై వండిన వంటకమంతయు నొక్కడే తినివేయుట హాస్యము. అంతటి యాకలి గలవాని శరీరమెట్టిదో అదే చెప్పుచున్నది. శశిరేఖ రూపమున నుండగా లోపలి రాక్షసుడు అప్పుడప్పుడు బయటపడుట హాస్యము. సావిత్రిగారు ఆ లేతనడకలో నొక్కసారిగా మల్లుని భుజముల విరుపు చూపుదురు. పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుని పాదము నొక్కుట హాస్యము. పాపము, ఆ పాదమున కది హాస్యము కాదు. ఇవన్నియు బలమును గుర్తుచేయు నవ్వులే. పైగా ఆ కథలో పోవునది ప్రాణము కాదు, ఒక వివాహము. ఆపద యెంత చిన్నదైన నవ్వుకంత చోటుండును. కవి దానిని తెలిసియే ఆ కథనెన్నుకొనెను. పాండవులు తెరపై కనబడకుండుట కూడ నట్టి యెన్నికయే యని మా యభిప్రాయము. రాజ్యము పోగొట్టుకొని యడవులకు పోవువారు నడుమ నిలిచినచో నంత నవ్వు సాగునా?

ఆ ఘటోత్కచుడే కురుక్షేత్రమున, రాత్రియుద్ధమున, కర్ణుని శక్తి తగిలి కూలును. కూలుచు దేహమును పెంచి కౌరవసేనలో నొక భాగమును నలిపివేయును. పాండవులేడ్చుచుండగా కృష్ణుడొక్కడు సంతోషించును. అర్జునునకై దాచిన శక్తి వ్యయమైపోయినదని. భారతమంతటిలో ఆ సంతోషమువంటి భయంకరమైన దింకొకటి మాకు తోచదు. ఒకే వీరుడు, ఒకచోట బొజ్జనిండ నవ్వించును, వేరొకచోట నవ్విన యొక్కనిని చూచి మనము ఉలికిపడునట్లు చేయును.

ప్రాచీనులు ఈ విషయమును శాస్త్రముగా కూడ విచారించిరి. భరతముని మతమున హాస్యము శృంగారమునుండి పుట్టును. వీరమునుండి పుట్టున దద్భుతము. అనగా వీరుని యింట హాస్యము బిడ్డ కాదు, చుట్టము. చుట్టము వచ్చిన మంచిదే, పెత్తనము చేయరాదు. నవ్వులో నారు భేదములు చెప్పి, చిరునవ్వును ఉత్తములకు, కన్నీరు గ్రమ్మ విరుగబడి నవ్వు నవ్వును అధములకు ఆ మహర్షి పంచిపెట్టెను. ఈ పంపకము నేటివారికి రుచింపకపోవచ్చును. కాని ‘మాయాబజార్’లో కృష్ణుడు పెదవి చివర నవ్వుచుండగా ఘటోత్కచుడు దిక్కులదరునట్లు నవ్వుట చూచినచో, పంపకము నేటికిని నిలిచియే యున్నదనిపించును. భవభూతి తన మూడు నాటకములలోను విదూషకుని ప్రవేశపెట్టలేదు. అయినను ఉత్తరరామచరితమున నాలుగవ యంకము మొదట వాల్మీకి శిష్యు లిద్దరిచేత, ఆశ్రమమునకు వచ్చిన పెద్దలను గూర్చి కొంచెము వేళాకోళ మాడించెను. అంతటి కరుణకవికిని ఆ కాస్త గాలి యవసరమైనది.

శాస్త్రము చదువని మన పల్లెవాండ్రును ఈ కిటుకెరుగుదురు. తోలుబొమ్మలాటలో రామరావణుల యుద్ధఘట్టముల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి యూరివారి గుట్టులన్నియు బయటపెట్టి, మొగముచూపనీయని మాటలాడి పోవుదురు. వారు కథలోనివారు కారు. రాముని బొమ్మ తెరకెక్కగానే ప్రక్కకు తొలగుదురు. మన కృష్ణామండలమందలి కూచిపూడివారి పద్ధతి వేరు. భామాకలాపమున సూత్రధారుడే చెలికత్తె మాధవియై సత్యభామను ఆటపట్టించును. నరకాసురుని కథలో విల్లు పట్టిన సత్యభామయే యిచ్చట తన జడను, తన గొప్పను తలచి తలచి నవ్వులపాలగును. ఆ నవ్వుచే నామె చిన్నదైనదా? కాలేదు. ఆ గర్వ మామెకు నిజముగా కలదు. ఉన్నదానిపై నవ్విన నవ్వు పాత్రను మనకు దగ్గర చేయును.

మా పాఠశాలలో చదువబడు గ్రంథమునుండి యొకటి చెప్పి ముందుకు సాగెదము. సమ్సోను కన్నులు పోయి చెరసాలలో నుండగా, ఫిలిష్తీయులు వినోదమునకై అతనిని తమ గుడిలోనికి రప్పించి నవ్విరి. ఆతని చేతులు స్తంభములపై నుండెను. ఆ నవ్వు ఎంత పెద్దదైన, కూలిన కప్పు అంత బరువుగా పడినది. మహాబలుని చూచి నవ్వువారు ఎచ్చట నిలుచుండి నవ్వుచున్నారో ఆ కథకుడు మరచిపోలేదు.

ఇక విదేశచిత్రములు. మన బాలురు చూచునవి యివియే కావున కొంచెము చెప్పవలసియున్నది. 1978 నాటి ‘సూపర్‌మేన్’ చిత్రమున క్రిస్టఫర్ రీవ్ అను నటుడు, గుప్తవేషమున నున్నప్పుడు భుజములు క్రుంగదీసి తడబడుచు నవ్వించును. ఒకచోట తాను ప్రేమించిన స్త్రీకి రహస్యము చెప్పదలచి, కంటద్దములు తీసి నిటారుగా నిలుచును; మాటరాక మరల క్రుంగిపోవును. కవచము తారుమారుగా తొడిగిన బృహన్నలకు ఈతడు దగ్గరి బంధువు. 1966లో టెలివిజనునందు వచ్చిన ‘బ్యాట్‌మన్’ మొదటినుండి చివరవరకు వేళాకోళమే. అట్లని ముందే చెప్పి యాడిన యాట కావున తప్పుపట్టుటకు లేదు. 2008 నాటి ‘ది డార్క్ నైట్’ చిత్రమున నాయకుడు నవ్వడు. నవ్వు ప్రతినాయకుని సొత్తు. మొదట ప్రేక్షకుడు వానితో గూడ నవ్వి, మరునిమిషమున తన నవ్వునకు తానే సిగ్గుపడును. ఇట్టివి యెన్నియైన చెప్పవచ్చును.

మాకు చిక్కు కలిగించినది 2017లో వచ్చిన ‘థోర్: రాగ్నరాక్’. ఇది ఆనందముగా సాగు చిత్రమనుటకు మాకు సందేహము లేదు. మా పిల్లలతో చూచి మేమును నవ్వితిమి. కాని దాని చివర నొక లోకమంతయు, ఆ నాయకుని స్వదేశమంతయు, మంటలలో కూలిపోవుచుండగా, ప్రక్కనున్న యొకడు పునాదులు మిగిలినచో మరల కట్టుకొనవచ్చునని ధైర్యము చెప్పును. అంతలోనే ఆ పునాదులును ప్రేలిపోవును. ప్రేక్షకులందరు గొల్లున నవ్వుదురు. నవ్విన తరువాత, ఇండ్లు పోయిన ఆ జనులను గూర్చి మన మెంతసేపు తలచితిమని మమ్ము మేము ప్రశ్నించుకొంటిమి. ఒక్క క్షణమైనను తలపలేదు. ఆ పరిహాసము ఎవరి గొప్పపైనను పడలేదు, ఎవరి వేషముపైనను పడలేదు. నష్టముపై పడి, నష్టమును తుడిచిపెట్టినది. ఆపద నాపద కాదని కథయే చెప్పినప్పుడు, దానిని దాటిన వీరుడు దేనిని దాటెను?

తెలుగులో 2024వ సంవత్సరముననే రెండు పెద్ద చిత్రములు వచ్చినవి. వానిని మా విద్యార్థులు బెంజ్ సర్కిల్ చెంతనున్న చిత్రశాలలలో ఒకటికి రెండుమారులు చూచిరి. జనవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మగారి ‘హనుమాన్’ నందు నాయకుడు మొదట చిల్లరదొంగ, పల్లెలో నందరిచేత తిట్లుతినువాడు. కావున బలము వచ్చిన పిమ్మట వాని తికమకలపై నవ్వుటకు మనకు హక్కున్నది. ప్రతినాయకుడు మరియు విచిత్రము. కథలలోని వీరు లనాథలు గదా యని తలచి, చిన్ననాడే తన తల్లిదండ్రులను చంపుకొనును. విన్నప్పుడు వెర్రినవ్వు వచ్చును, తలచినప్పుడు ఒళ్లు జలదరించును. ఇది మంచి కల్పనము. అయితే ఆ ప్రతినాయకుని ప్రక్కనే హాస్యగాని నొకనిని నిలుపుటచే కొన్నిచోట్ల ఆ జలదరింపు చల్లారినదని మా యభిప్రాయము.

జూన్ నెలలో వచ్చిన నాగ్ అశ్విన్‌గారి ‘కల్కి 2898 ఏడీ’ మాట వేరు. అందు వేల సంవత్సరములుగా చావులేక, పుండుతో, పాపభారముతో బ్రతుకుచున్న అశ్వత్థామ యున్నాడు. ఆయన యెదుట, ధనమునకై యెవరినైనను పట్టియిచ్చు భైరవుడు తన మాటలాడు బండితో పరాచికము లాడుచు వచ్చును. బండితోడి పరాచికములు మాకు నచ్చినవి. వాని స్వార్థము వానివలననే తెలియుచున్నది. కాని గర్భవతి యైన స్త్రీ ప్రాణములకై పరుగెత్తుచున్న చిత్రమున నా పరాచికములు తమ వంతు దాటి సాగినవి. అశ్వత్థామ కన్నులలోనికి చూచినప్పుడు మన మొక కథలో నుందుము, భైరవుని చూచినప్పు డింకొక కథలో నుందుము. ఆ రెంటికి నడుమ జమ్మిచెట్టు లేదు. చివర భైరవునిలో కర్ణుడు కనబడినప్పుడు అది యేమాత్రము నాటబడియుండెనా యని చూచినవారే చెప్పవలెను. మా విద్యార్థులు ఈ వాక్యముపై మాతో వాదింప సిద్ధముగా నున్నారని యెరుగుదుము.

ఇప్పుడు మా నాటకము మాట. అభ్యాసము జరుగుచుండగా మేము వెనుకబల్లపై కూర్చుండి చూచుచుంటిమి. ఎగురు వీరుడు మేడపై నున్న యొక కుటుంబము కడకు దిగి, నడుమునకు చేతులానించి, ‘ఏమండోయ్, ఇంటికే స్విమ్మింగ్ పూల్ తెప్పించుకున్నారే!’ యనెను. చూచుచున్న బాలురు విరుగబడి నవ్విరి. మేడపై నిలిచి బదులు చెప్పవలసిన బాలుడు మాత్రము మాట మరచి నిలుచుండెను. అందింపు మాట రెండుమారు లందించిరి. వాడు పలుకలేదు. ఆ వాక్యమును వ్రాసిన బాలుడు బెంజ్ సర్కిల్ దగ్గర మూడవ యంతస్తులో నుండువాడు. ఆ దినములలో వాని వీధికి నీరు రాలేదు. బదులు చెప్పలేనివాడు సింగునగరమువాడు.

ఆ వరదను చూడని చదువరులకొక మాట. బుడమేటిని విజయవాడ దుఃఖదాయని యని మనవారు పిలుచుట వినుచునే యుందుము. 2024లో ఆగస్టు చివర కురిసిన వానలకు దాని గట్లు తెగి, సెప్టెంబరు మొదటి దినముననే సింగునగరము, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట మొదలగు ప్రాంతములు నీట మునిగినవి. మరునాడు కృష్ణకు ప్రకాశము బ్యారేజి వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు వచ్చెను. వేలాది కుటుంబములు మేడలపై దినములు గడపినవి. పడవలు చేరలేనిచోట్లకు డ్రోనులతో ఆహారపు పొట్లములను పంపిరి. ఆకాశమున నెగిరివచ్చి సాయపడినవి, మన యూరిలో నిజముగా, ఇట్టి యంత్రములే.

ఆ సాయంకాలము సింగునగరపు బాలుని పిలిచి, ఆ పాత్ర వలదన్నచో మానుమంటిమి. వాడు తల అడ్డముగా నూపెను. కొంతసేపునకు తానే మొదలుపెట్టెను. ‘మేడ మీద మూడు రోజులున్నాం సార్. మా నాయనమ్మ ఇంట్లోంచి ఏమీ తేలేదు, కోడిని మాత్రం కొంగులో పెట్టుకు తెచ్చింది. రెండోరోజు డ్రోను వచ్చింది. గద్ద అనుకుంది సార్, కోడి కోసం వచ్చిందని చీపురు తీసుకుని ఒక్కటి కొట్టింది. పొట్లం పోయి నీళ్లలో పడింది.’ ఇట్లు చెప్పుచు వాడు నవ్వుట మొదలుపెట్టెను. ‘మా అమ్మ తిట్టింది సార్, తిట్టీ తిట్టీ నవ్వింది. అందరం నవ్వాం. ఆ పూట తినడానికేం లేదు.’ పిమ్మట వాడు, వచ్చిన దారినే చూచుచు, కోడి నేమి చేసితిరని మే మడుగకమునుపే, ‘దాన్ని కోయలేదు సార్’ అని చెప్పెను.

మేము మరునాడు రెండు పక్షములవారికిని మా తీర్పు తెలిపితిమి. నాటకమునందలి పరిహాసములను లెక్కింపలేదు. స్విమ్మింగ్ పూల్ మాట తీసివేయుడంటిమి. దానిని వ్రాసిన బాలుడు మొదట మొగము ముడిచికొనెను; సింగునగరపు బాలుని చేత నాయనమ్మ కథ విన్న పిమ్మట కాగితము తీసికొని తానే వ్రాయ గూర్చుండెను. ఆ యిద్దరును కలిసి రెండవ రంగమును క్రొత్తగా వ్రాసిరి. అందు నాయనమ్మ, గద్ద యనుకొని, ఎగురు వీరునినే చీపురుతో కొట్టును. పొట్లము నీట పడును. వీరుడు ఇంకొక పొట్లము తెచ్చువరకు ఇంటిల్లిపాది ఆకలితో కూర్చుందురు. ఆ కూర్చుండు భాగమును తగ్గింపవలదని మేము పట్టుబట్టితిమి. నవ్వు తరువాత ఒక నిమిషము ఎవరును మాటలాడరాదు. ఒక నిమిషము మాటలేకుండ రంగముపై కూర్చుండుట పదునాలుగేండ్ల బాలురకెంత కష్టమో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. నాలుగు దినములు పట్టినది.

నాయనమ్మ వేషము సింగునగరపు బాలుడే వేసెను. వీరుని నీలివస్త్రము వరదల తరువాత వాని యింటిపై కప్పిన పరదాలోనుండి కత్తిరించినది. అది కూడ వాడే తెచ్చెను. ఉత్సవదినమున తల్లిదండ్రుల వరుసలు నిండినవి. రెండవ రంగమున వీరుడు త్రాటిపై దిగుచుండగా నాయనమ్మ కోడిని కొంగున దాచి చీపురెత్తి యొక్కటి వేసెను. సభ నవ్వుచుండగనే మూడవ వరుసనుండి యొక ముసలమ్మ లేచి నిలుచుండి, ‘చీపురు కాదురా, చేట! చేటతో కొట్టాను!’ అని కేకవేసెను. సభయంతయు మరల నవ్వెను, ఆమెయు నవ్వెను. రంగముపై బాలుడు చీపురు పట్టుకొని ఏమి చేయుటకును తోచక ఆమె వంక చూచుచుండెను. వీరుడు మాత్రము, నవ్వు ఆగువరకు పొట్లము విడువరాదని మేము నేర్పియుంటిమి కావున, త్రాటికి వ్రేలాడుచు అట్లే యుండెను.